వాన గిన్నె, మంత్రిగారి అర్జీ

గంధవరమని ఒకానొక రాజ్యం. అక్కడి మహామంత్రి గుండయకు శాస్త్రాల మీద గౌరవం మెండు, పరిచయం తక్కువ.

రాజధానిలో ధాన్యపు కొట్టు ముందు కొండమ్మ అనే ఆవిడ ఒక రాగి గిన్నె పెట్టి, పడ్డ వానను వేళ్ల లెక్కన కొలిచేది. దాన్నిబట్టి విత్తనం ఎప్పుడు వేయాలో రైతులకు చెప్పేది. ఆమె మాట విన్నవాడి చేను ఎండలేదు. నేల ఏటవాలుగా ఉంది, గిన్నె ఒరుగుతోంది, కింద ఒక రాతిపలక వేయించండి బాబూ అని మూడేళ్లుగా మంత్రిగారికి మొరపెట్టుకుంటోంది. ఆయనకు తీరిక ఏదీ? రాజ్యమంతటికీ శాస్త్ర విధానం రాస్తున్నాడాయె.

ఒకనాడు పొద్దున్నే ఆ విధానం మంత్రిగారి అర్జీగా సభకు వచ్చింది. రెండు వందల తాటాకుల కట్ట, ఇద్దరు మోసుకొచ్చారు. సారాంశం మాత్రం ఇంతే: ఇకపై ఎవరు ఏది కొలవాలన్నా, పరీక్షించాలన్నా ముందుగా ఏడుగురు పండితుల ముద్ర పడాలి. ఫలితం ఏం వస్తుందో కూడా ముందే రాసివ్వాలి.

ముద్ర లేదని కొండమ్మ గిన్నెను మంత్రి అప్పటికే జప్తు చేయించాడు. తొలకరి నేడో రేపో అన్నట్టుంది. ఆమె సభా ద్వారం దగ్గర నిలబడి కళ్లొత్తుకుంటోంది.

రాజు భూపతికి ఆ అర్జీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అందుకని గొప్పగా ఉందనుకుని రాజముద్ర చేతిలోకి తీసుకున్నాడు. అంతలో ఆస్థాన చమత్కారి ఓబన లేచాడు.

"ప్రభూ, ముద్ర వేసేముందు ఈ విధానాన్ని ఒక్క పూట పరీక్షించి చూద్దామా?"

"విధానానికి పరీక్ష ఏమిటి? అది పరీక్షలకు పైన ఉండేది" అన్నాడు గుండయ.

ఒక్క పూటే కదా అని రాజు సరేనన్నాడు. ఎవరికీ మినహాయింపు ఉండకూడదని ఓబన అడిగితే, మంత్రి మీసం దువ్వి ఉండదన్నాడు.

ఓబన నేరుగా గడియారపు మండపానికి వెళ్లాడు. అక్కడ నీళ్ల తొట్టిలో ఒక చిల్లు గిన్నె తేలుతుంటుంది. అది మునిగినప్పుడల్లా గంట కొడతారు. మధ్యాహ్నపు గంట మోగితేనే రాజుగారికి విస్తరి వేయాలని తాతల నాటి కట్టుబాటు. ఓబన ఆ గిన్నెను తీసి బోర్లించి, కాలాన్ని కొలవాలి, ముద్ర వేయండని పండితులకు కబురు పెట్టాడు.

పండితులు కొలువుతీరారు. గిన్నె మునుగుతుందని ముందే రాసివ్వమని ఒకాయన, మునగకపోతే పూచీ ఎవరిదని ఇంకొకాయన, అసలు ఆ చిల్లుకు అనుమతి ఉందా అని మరొకాయన. సూర్యుడు నడినెత్తి దాటాడు. వంటశాల నుంచి గుత్తివంకాయ ఘుమఘుమ వస్తోంది గానీ గంట మోగలేదు.

రాజు గుండయను పిలిచి మధ్యాహ్నం అయిందా లేదా అని అడిగాడు. పండితులు రేపటికల్లా తేలుస్తారంటూ ఆయన చెమట తుడుచుకున్నాడు.

"నాకు ఆకలి దంచేస్తోందయ్యా" అన్నాడు రాజు.

"ఎంత వేస్తోందో ప్రభువులు కొలిచినట్టున్నారు. ముద్ర వేయించుకున్నారా?" అన్నాడు ఓబన.

రాజు గుడ్లురిమాడు. మంత్రి ముఖం చూశాడు. ఇక ఆపుకోలేక, ఖాళీ కడుపు పట్టుకుని పడీపడీ నవ్వాడు. ముద్ర వేయకుండానే అర్జీని పక్కకు నెట్టి, విస్తరి వేయమన్నాడు.

భోజనమయ్యాక ఓబనకు పట్టుశాలువా కప్పి ఏదైనా కోరుకోమన్నాడు. కొండమ్మకు గిన్నె, దాని కింద పలక చాలన్నాడు ఓబన. గిన్నె వెంటనే ఇప్పించారు. పలక చెక్కించే వ్యవధి మాత్రం లేదు, అప్పటికే ఆకాశం నల్లబడింది. ఓబన చుట్టూ చూశాడు. అర్జీ కట్ట కనిపించింది. తీసి గిన్నె కింద పెడితే కొలిచి చేసినట్టు సరిపోయింది.

ఆ ఏడు గిన్నె ఒరగలేదు, లెక్క తప్పలేదు, చేలు పండాయి. మంత్రిగారి విధానం వల్ల శాస్త్రానికి మేలు జరగలేదని గంధవరంలో ఇప్పటికీ ఎవరూ అనరు.