తాటిచెట్టంత దెయ్యానికి దిష్టిచుక్క

"తెలివంటే మా ఇంట్లోదే తెలివి" అని నూకాలు వీధంతా వినబడేలా చెప్పుకునేది. మొగుడు పోలయ్యకి అంతకంటే నమ్మకం. "మనం లేకపోతే ఈ వీధివాళ్ళకి నాలుగు మంచిమాటలు చెప్పే దిక్కే లేదే" అనేవాడు.

ఓ ఆదివారం పిల్లలిద్దర్నీ తీసుకుని మ్యాట్నీకి బయల్దేరారు. పక్కింటి రవణత్త చూసి, "పిల్లల్ని ఎత్తుకుపోయే దెయ్యం సినిమా అంట నూకాలూ! దిష్టిచుక్క పెట్టి మరీ తీసుకెళ్ళు" అంది.

అంతే. నూకాలు కాటుక డబ్బా తీసింది. బుగ్గన చుక్క పెట్టబోతుంటే పోలయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగవే! గోడమీద సినిమా బొమ్మ చూళ్ళేదా? దెయ్యం తాటిచెట్టంత ఉంది. దానికి ఆవగింజంత చుక్క ఏం కనబడుద్ది?"

"నిజమే మావా, నేనూ అదే అనుకుంటున్నా!"

ఇంకేముంది, డబ్బా ఖాళీ అయ్యేదాకా పూసింది. చుక్క నుదుటి దగ్గర మొదలై గడ్డం కింద ఆగింది. పిల్లల మొహాల్లో కళ్ళూ పళ్ళూ తప్ప ఏం మిగల్లేదు.

హాల్లో తెరమీద తెల్లచీర దెయ్యం ఇద్దరు పిల్లల్ని పాడుబడ్డ బావి దగ్గరకి పిలుస్తోంది. నూకాలు కుర్చీలోంచి ఎగిరి లేచింది. "ఓరి నాయనో, వెళ్ళకండర్రా!" అని గావుకేక పెట్టింది. తెరమీది పిల్లలు వింటేనా! పక్కనున్న తన పిల్లలు మాత్రం ఆ కేకకే జడుసుకుని, కుర్చీల కిందనుంచి పాక్కుంటూ పోయి తెర వెనకాల నక్కారు. నూకాలు ఇటు చూస్తే కదా! దెయ్యం చెయ్యి చాచింది. సరిగ్గా అప్పుడే 'విశ్రాంతి' అని పడింది.

"మావా, దెయ్యం అలిసిపోయి పడుకుంది. అది లేచేలోపు ఆ పసివాళ్ళని తెచ్చేసుకుందాం, లే!"

ఇద్దరూ తెర వెనక్కి దూరారు. చీకట్లో ఇద్దరు పిల్లలు! "దొరికార్రా దేవుడా!" అని చెరొకర్నీ భుజానేసుకుని ఇంటిదాకా ఒకటే పరుగు.

వెలుగులో చూస్తే నల్లటి మొహాలు. "దెయ్యం ఊపిరి తగిలి మాడిపోయారే పాపం" అని పోలయ్య కళ్ళొత్తుకున్నాడు.

"అమ్మా, మేమే!" అన్నారు పిల్లలు.

"చూశావా, అప్పుడే నన్ను అమ్మా అంటున్నారు. ఎంత మాలిమో!" అని మురిసిపోయి, అన్నం కలిపి ముద్ద నోటిదాకా తెచ్చిన నూకాలు ఠక్కున ఆగింది. "మావా, మన పిల్లలేరీ?"

అంతే, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు. ఆ పిల్లల్నే చెరో చంకా ఎత్తుకుని మళ్ళీ హాలుకి పరుగెత్తారు. నూకాలు గేటు దగ్గరుండే గవర్రాజు కాళ్ళమీద పడింది.

"బాబ్బాబూ, నీ సినిమా పిల్లల్ని నువ్వు తీసేసుకో. మా పిల్లల్ని దెయ్యం పట్టుకుపోయింది. వాళ్ళు లేకపోతే నేను బతకలేను!"

గవర్రాజు ఆ పిల్లల్ని ఎగాదిగా చూశాడు. కుళాయి దగ్గరకి తీసుకెళ్ళి, మొహాలు తోమి తీసుకొచ్చాడు. "ఇదిగోనమ్మా, నీ పిల్లలు."

నూకాలు వాళ్ళని గుండెకి హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అంతలోనే ఉలిక్కిపడింది.

"మావా! మొహాన ఒక్క చుక్కా లేదు చూడు. దెయ్యం పట్టుకుపోదా మరి!"

ఇంకేముంది, దారిలోనే కొత్త కాటుక డబ్బా కొన్నారు. ఇంటికి రాగానే ఈసారి మెడదాకా దట్టంగా పూసింది. తృప్తిగా డబ్బా మూత పెట్టి, తలెత్తి చూసి, గుండెలు బాదుకుంది.

"మావా! ఆ సినిమా పిల్లలు మళ్ళీ వచ్చేశారు. మనోళ్ళేరీ?"