అడక్కుండా వడ్డించిన పంక్తి

త్రివిక్రమం మాస్టారి దగ్గరికి సందేహంతో వెళ్ళినవాళ్ళు సమాధానంతో తిరిగి రావడం బందరులో ఎవరూ చూడలేదు. ఏదో ఒక పని నెత్తిన వేసుకుని తిరిగొచ్చేవారు. కాలేజీలో కామర్స్ చెప్పిన రోజుల్లోనూ ఆయన తీరు అదే. సరుకుకి ధర ఎలా పుడుతుందని అడిగిన కుర్రాణ్ణి చేపల బజారుకి పంపి, పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి బేరం చేసి రమ్మనేవారు. వాడు లోలోపల తిట్టుకుంటూ వెళ్ళేవాడు. నవ్వుకుంటూ తిరిగొచ్చేవాడు. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ అలవాటు పోలేదు, ఆయన గుమ్మంలో చెప్పుల వరసా తగ్గలేదు.

ఆ మాఘమాసంలో ఒక సాయంత్రం సుభాషిణి ఆ గుమ్మం ఎక్కింది. ఒకప్పుడు ఆయన దగ్గర బీకాం చదివిన మనిషి. ఇప్పుడు పెడనలో అద్దకం పనివాళ్ళ సంఘానికి కార్యదర్శి. చెక్క అచ్చుల్ని రంగులో ముంచి గుడ్డ మీద అద్ది పొట్టపోసుకునే కుటుంబాలవి. ఆమె తల్లి కూడా అద్దకం బల్ల ముందే నిలబడి కూతుర్ని చదివించింది. అచ్చులు అద్దీ అద్దీ చివరి రోజుల్లో కుడి భుజం పట్టేసి, అన్నం ముద్ద కూడా ఎడంచేత్తోనే తిన్నది. ఆ ముద్ద కూతురు సంపాదించి పెట్టబట్టి సరిపోయింది. కూతుళ్ళందరికీ ఉద్యోగాలుండవు గదా అన్న దిగులు సుభాషిణిని వదల్లేదు.

అందుకే ఆమె సంఘంలో పట్టుబట్టి ఒక తీర్మానం చేయించింది. పిల్లల పెద్ద చదువుకో, తమ ముసలితనానికో సభ్యులు నెలనెలా ఎంత దాచుకుంటే, లాభంలోంచి సంఘం కూడా అంత వేస్తుంది. కాకపోతే ఉగాదిలోపు సభ్యుల్లో సగం మందైనా చేరాలి. చేరకపోతే ఆ సొమ్ముతో సంఘం వాకిట్లో స్వాగతద్వారం కడతారు. ఈ ద్వారం మెలిక అధ్యక్షుడు గారిది. దాని మీద ఎవరి పేరు చెక్కించాలో కూడా ఆయన అప్పటికే ఆలోచించి పెట్టుకున్నారు.

"ఏం చేయమంటారు మాస్టారూ?" అంది సుభాషిణి కూర్చుంటూనే. "పోస్టాఫీసు పథకాలు, బ్యాంకు డిపాజిట్లు, పింఛను పథకాలు, బంగారం, మ్యూచువల్ ఫండ్లు, అన్నీ తెచ్చి వాళ్ళ ముందు పెట్టాను. ఏది ఎప్పుడు చేతికొస్తుందో, దేన్లో ఎంత ప్రమాదమో రంగురంగుల పుస్తకం అచ్చేయించి ఇంటింటికీ పంచాను. అందరూ బాగుందనేవాళ్ళే, చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. మా సభ్యురాలు నాంచారమ్మని అడిగితే ఏమందో తెలుసా? 'ఒకదాంట్లో ఏస్తే రెండోది మంచిదైపోద్దేమోనమ్మా, ఇంకో రెండ్రోజులు ఆలోచిచ్చుకుంటా' అంది. ఆమె కూతురు ఇంటరు చదువుతోంది. ఆమె భుజం ఇప్పటికే సరిగ్గా లేవడం లేదు. ఇంతకన్నా విడమరిచి ఎలా చెప్పాలి మాస్టారూ? వీళ్ళకి తమ మంచి తమకే పట్టదా?"

మాస్టారు మీసం సవరించుకున్నారు. లోపల్నించి ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తెచ్చిన మజ్జిగ గ్లాసు ఆయనే సుభాషిణి చేతికందించి, "వచ్చే ఆదివారం నాకు సహస్రచంద్ర దర్శనం చేస్తామంటున్నారు మీవాళ్ళు, నా పాత విద్యార్థులు. ఆ భోజనాల సంగతి నువ్వు చూసుకో అమ్మాయ్. మీ సంఘంవాళ్ళని కూడా పిలువు" అన్నారు.

సుభాషిణికి ఒళ్ళు మండింది. ఉగాది ముంచుకొస్తుంటే ఊళ్ళో భోజనాలు తన నెత్తినా! కానీ వెయ్యి పున్నములు చూసిన పెద్దమనిషి అడిగాక కాదనలేకపోయింది. ఒప్పుకున్నాక సగంలో వదిలేసే రకమూ కాదు. ఆ వారం ఆమె సంఘం పని ఎంత శ్రద్ధగా చేసేదో భోజనాల పనీ అంత శ్రద్ధగా చేసింది. అసలు చిక్కంతా ఆ శ్రద్ధతోనే వచ్చింది.

ఆదివారం పొద్దున పూజలూ ఆశీర్వచనాలూ అయ్యాయి. కొత్త పట్టుచీరలో రాజ్యలక్ష్మమ్మ గారు పెళ్ళినాటి కన్నా ఎక్కువ సిగ్గుపడ్డారు. జనం భోజనాల షామియానాలోకి అడుగుపెట్టి కళ్ళు తేలేశారు. ఈ చివర్నించి ఆ చివరిదాకా బల్లలు, బల్లల మీద మూతలు, మూతల ముందు పేర్లు రాసిన అట్టలు. పప్పులోనే నాలుగు రకాలు. వేపుళ్ళు ఒక వరస, పులుసులు ఒక వరస, అన్నాల్లో తెల్లన్నం నుంచి కొబ్బరన్నం దాకా ఒక బారు. ఆ పక్కన నూడుల్సు, చాట్ వేరు. ఎవరికి ఏది ఇష్టమో వాళ్ళు తీసుకోవాలని, ఎవరికీ ఏదీ లేదనిపించకూడదని, సుభాషిణి రాత్రీ పగలూ ఆలోచించి అమర్చినదంతా అది.

కాసేపటికి వరస కదలడం మానేసింది. ముందున్న పెద్దాయన ఒక్కొక్క మూతా ఎత్తి చూసి, వెనకాయన్ని సలహా అడిగి, మళ్ళీ మొదటి మూత దగ్గరికి వచ్చాడు. ఒక డాక్టరుగారు పళ్ళెంలో పులిహోర మీద నూడుల్సు, దాని మీద సాంబారు పోసుకుని, తాను చేసిన పనికి తానే బిత్తరపోయి నిలబడ్డాడు. వయసు మళ్ళినవాళ్ళు ఆ రద్దీ చూసి కుర్చీల్లోంచి లేవనేలేదు. "తర్వాత తింటాంలే" అనుకుంటూ విసనకర్రలు విసురుకుంటున్నారు.

అప్పుడు సుభాషిణికి నాంచారమ్మ కనపడింది. సంఘం వ్యానులో అందరితోపాటు వచ్చింది. మంచి చీర కట్టుకుంది, తల్లో కనకాంబరాలు పెట్టుకుంది. ఖాళీ పళ్ళెం గుండెకి ఆనించుకుని, బల్లల్ని ఈ చివర్నించి ఆ చివరిదాకా చూస్తోంది. ఆ చూపు సుభాషిణికి బాగా తెలుసు. రంగురంగుల పుస్తకం చేతిలో పెట్టిన రోజు కూడా నాంచారమ్మ ఇలాగే చూసింది. కాసేపటికి ఆమె గబగబా చివరి బల్ల దగ్గరికి పోయి, ఇంత పెరుగన్నం పెట్టుకుని, ఓ మూల కుర్చీలో కూలబడింది. దానికైతే ఆలోచించక్కర్లేదు మరి.

సుభాషిణి అటు రెండడుగులు వేసింది. ఇంత వండించి, పిలిచి, ఆమెకి పెట్టింది పెరుగన్నమా!

"అమ్మాయ్" అని వెనకనుంచి మాస్టారి గొంతు వినపడింది. "ఆ వంటవాళ్ళ దగ్గర అరిటాకులేమన్నా ఉన్నాయేమో చూడు."

ఉన్నాయి. గంపల్లో పరచడానికి, బూరెల మీద కప్పడానికి కట్టలు కట్టలు తెచ్చుకున్నారు. ఆ తర్వాత జరిగిన సందడి బందరువాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. చాపలు పరిచారు. మోకాళ్ళు వంగనివాళ్ళకి బల్లల మీద మూతలూ గిన్నెలూ తీసేసి ఆకులు వేశారు. బ్యాంకు మేనేజర్లూ డాక్టర్లూ అయిపోయిన పాత విద్యార్థులు ప్యాంట్లు పైకి మడిచి, నడుముకి తువ్వాళ్ళు బిగించి, బకెట్లు గరిటెలు పట్టుకున్నారు. నేతిగిన్నె మాస్టారే తీసుకున్నారు. "ఇవాళ మీరు కూర్చోవాలండీ" అని ఎంత మొత్తుకున్నా వినలేదు. "మళ్ళీ వెయ్యి పున్నములయ్యాక కూర్చుంటాలే" అన్నారు.

సుభాషిణి పప్పు బకెట్టు పట్టుకుని మొదటి ఆకు దగ్గర వంగింది. "మామిడికాయ పప్పు వెయ్యమంటారా, తోటకూర పప్పు వెయ్యమంటారా, లేకపోతే..."

"అడక్కు. వడ్డించు" అన్నారు మాస్టారు వెనకనుంచి. "వద్దనుకున్నవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకుంటారు."

సుభాషిణి వడ్డించింది. ఒక్క పప్పే, మామిడికాయ పప్పు. దాని వెనక నెయ్యి, నెయ్యి వెనక వంకాయ కూర, గోంగూర పచ్చడి, పులిహోర, బూరెలు, పులుసు. నాలుగు పప్పుల్లో మూడు షామియానా వెనకే ఉండిపోయాయి. అవేవని అడిగినవాడు లేడు. ఆకుల ముందు కూర్చున్నవాళ్ళ భుజాలు కిందికి దిగాయి, నోళ్ళు లేచాయి. కబుర్లు, వేళాకోళాలు, "ఇటు ఇంకాస్త" అనే కేకలు. నాంచారమ్మ పెరుగన్నం పళ్ళెం పక్కన పెట్టేసి, వచ్చిందల్లా వచ్చినట్టు తింటూ, పక్కావిడతో కూతురి సంగతులు చెబుతోంది. ఆమె నవ్వగా సుభాషిణి ఆ ఏడాదిలో చూడటం అదే మొదలు.

బూరెల దగ్గర మాత్రం ఒక పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "షుగరు తల్లీ" అన్నాడు జాలిగా. సుభాషిణి ముందుకి కదలబోతుంటే ఆయన వేళ్ళ మధ్య సందు కాస్త పెద్దదైంది. ఆ సందులోంచి సగం బూరె జారింది. పంక్తి పంక్తంతా గొల్లున నవ్వింది.

పులుసు అయిపోవస్తుంటే సుభాషిణి మాస్టారి దగ్గరికి వచ్చింది. "పెరుగు ఎవరెవరికి ఎప్పుడు కావాలో కనుక్కోమంటారా?"

"ఆఖరున అందరికీ పెరుగే గదా అమ్మాయ్" అన్నారు మాస్టారు, నేతిగిన్నె అడుగు గీకుతూ. "ఆ వేళ కనిపెట్టాల్సింది తినేవాళ్ళు కాదు, వడ్డించేవాళ్ళు."

సుభాషిణికి చప్పున తన రంగురంగుల పుస్తకం గుర్తొచ్చింది. పెరుగు కోసం ఎవరో కేకేస్తే గాని కదలలేదు.

ఆ మర్నాడు సంఘం ఆఫీసులో రంగురంగుల పుస్తకాలన్నీ కట్టకట్టి అటకెక్కించింది. ఉగాదికి ముందు అద్దకం బల్లల మధ్యే సర్వసభ్య సమావేశం పెట్టించి, లేచి నిలబడి, కొత్తమాట చెప్పింది. ఇకనుంచి సభ్యులందరూ పొదుపులో చేరినట్టే, వాళ్ళ కూలిలోంచి నెలనెలా ఇంతని సంఘమే తీసి దాస్తుంది. చదివే పిల్లలున్నవాళ్ళ డబ్బు పిల్లల చదువుకి, లేనివాళ్ళది ముసలితనానికి. పిల్లల చదువైపోతే అది కూడా ముసలితనం వైపే తిరుగుతుంది. గడువు దూరంగా ఉన్నన్నాళ్ళు అందులో కొంత షేర్ల ఫండులో ఉంటుంది. అది పెరుగుతుంది, ఒక్కోసారి తరుగుతుంది, ఆ మాట దాచనంది. గడువు దగ్గరపడేకొద్దీ దాన్ని కొంచెం కొంచెం బ్యాంకు డిపాజిట్లోకి మార్చే పూచీ సంఘానిది. ఆ వేళ కనిపెట్టుకుని కూర్చోవలసిన పని సభ్యులకి లేదు.

అధ్యక్షుడు గారు లేచారు. "ఎవర్నీ అడక్కుండా అందర్నీ చేర్చేస్తే అది బలవంతం కాదా అమ్మా?"

"బలవంతం ఎందుకవుతుందండీ? వద్దనుకున్నవాళ్ళు ఇప్పుడే చెయ్యెత్తండి" అంది సుభాషిణి. "రేపైనా, వచ్చే ఏడైనా వద్దనిపిస్తే ఒక్క మాట చెప్పండి. మీ డబ్బు మీకు తిరిగిస్తాం."

గొంతు గట్టిగానే పలికింది గాని, ఆమె కళ్ళు వరసల మీదే ఉన్నాయి. చేతులు ఎన్ని లేస్తే తల్లి భుజం అన్నిసార్లు గుర్తుకొస్తుంది. సగం దాటి లేచాయా, మిగిలేది స్వాగతద్వారమే.

మూడు చేతులు లేచాయి. ఒకటి సంఘం విడిచి చీరల వ్యాపారంలోకి పోదామనుకుంటున్న కుర్రవాడిది. ఒకటి ఎవరేమన్నా కాదనే వీరవెంకయ్యది. మూడోది అధ్యక్షుడు గారిది. ఆయన భార్య కూడా అద్దకం పనిదే, సంఘంలో సభ్యురాలే, ముందు వరసలోనే కూర్చుంది. ఆవిడ తల తిప్పి ఒక్కసారి చూసింది. అధ్యక్షుడు గారు ఎత్తిన చేత్తో తల గోక్కుని, మెల్లగా దించేశారు.

సమావేశం నవ్వుల్లో ముగిసింది. అందరూ వెళ్ళాక నాంచారమ్మ వచ్చి, లేవని భుజం ప్రయాసపడి లేపి, సుభాషిణి చెంప నిమిరింది. "ఏది మంచిదో నన్ను తేల్చుకోమనకుండా నువ్వే తేల్చి పెట్టావు. ఇయ్యాల నిద్ర పట్టుద్దమ్మా" అంది. సుభాషిణికి కన్నీళ్ళాగలేదు. ఎందుకాగాలి? తల్లి పోయాక ఆ బల్లల మధ్య ఆమె సంతోషంతో ఏడవడం అదే మొదటిసారి.

ఉగాది నాటి సాయంత్రం పచ్చడి గిన్నె తీసుకుని బందరు వెళ్ళింది. మాస్టారు ఆ పచ్చడి నోట్లో వేసుకుని, వేపపువ్వు కొరికి, మొహం చిట్లించి, మళ్ళీ ఇంకాస్త పెట్టించుకున్నారు. సుభాషిణి జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పింది. అధ్యక్షుడి చెయ్యి దిగిన చోట రాజ్యలక్ష్మమ్మ గారు పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. మాస్టారు మాత్రం ఇంకా చెవి ఒగ్గే ఉన్నారు.

"అంతే మాస్టారూ" అంది సుభాషిణి. "ఇద్దరు తప్ప ఊరంతా చేరినట్టే. వాళ్ళ సంగతి ఇక వదిలేద్దామనుకుంటున్నాను."

మాస్టారు గిన్నె కింద పెట్టి, తువ్వాలుతో మీసం తుడుచుకున్నారు.

"ఇంకా ఆకలెయ్యలేదేమో అమ్మాయ్" అన్నారు. "వాళ్ళ ఆకులు మాత్రం ఎత్తెయ్యకు."