తొమ్మిది రోజులు నానాల్సిన దుంప

అనగనగా, మన దగ్గర కాదర్రా, ఎక్కడో చీనా దేశంలో, ఒక ఊళ్ళో షావో అని ముసలి వైద్యుడు ఉండేవాడు. ఆయన కోడలు సూయిన్. వంటకి పెట్టింది పేరు గానీ, మామగారి ఎదుట నోరు విప్పేది కాదు.

ఆ దేశపు రాజుకి చలికాలంలో దగ్గు పట్టుకుంది. తెల్లటి పల్చటి కఫం, కాళ్ళూ చేతులూ మంచుముద్దలు. రాజు దగ్గితే మంత్రి ఉలిక్కిపడె, మంత్రి ఉలిక్కిపడితే భటుడి బల్లెం జారె, బల్లెం జారితే గుర్రం బెదిరె, గుర్రం బెదిరితే దుమ్ము లేచె, ఆ దుమ్ముకి రాజు మళ్ళీ దగ్గె. ఊ కొడుతున్నారా?

షావోని పిలిపించారు. ఇది చలవ వల్ల పట్టిన కఫం, ఒంట్లో వేడి పుట్టించే మందు కావాలన్నాడాయన. పొలం గట్టున చిన్న చిన్న దుంపలు తవ్వుకొచ్చి, అల్లం నీళ్ళలో నానేశాడు. తొమ్మిది రోజులు నానాలి, రోజూ నీళ్ళు మార్చాలి. మార్చేది సూయిన్. రెండో రోజే భటులొచ్చి, రాజుగారు ఆగేట్టు లేరంటూ కుండతో సహా పట్టుకుపోయారు. ముసలాయన వద్దు వద్దంటున్నా వింటేనా.

ఒక్క దుంప నూరి తేనెతో మింగాడో లేదో, రాజు పెదాలు బూరెల్లా వాచాయి. గొంతు మంట, మాట పడిపోయింది. విషం పెట్టిన షావోని దేశం దాటించమని సైగ చేశాడు.

భటులు మామగారి మూట వీధిలోకి విసిరేస్తుంటే సూయిన్ చూడలేకపోయింది. నాలుగు అల్లం కొమ్ములు కొంగున కట్టుకుని కోటకి పరిగెత్తింది. అక్కడ చీరలుంటాయా అని అడక్కండి, ఉన్నాయనుకోండి. రాజుగారి ముందుకెళ్ళి నిలబడింది. తలెత్తకుండానే అడిగింది.

“అయ్యా, గొంతులో ముళ్ళు గుచ్చినట్టుందా?”

రాజు మెడ బరుక్కుంటూ తలూపాడు.

“మా ఇంట్లో చేమదుంప సరిగా ఉడక్కపోతే మా మామగారూ ఇలాగే మెడ బరుక్కుంటారండీ. ఈ దుంపా ఆ జాతిదే. నానితేగానీ దాని దురద పోదు. ఆయన నాననివ్వమన్నారు, మీవాళ్ళు ఆగలేదు.”

మంత్రికి కోపం వచ్చింది. “రాజుగారిని చేమదుంపతో పోలుస్తావా?”

“రాజుగారిని కాదండీ, దుంపని దుంపతో పోల్చాను.”

రాజుకి నవ్వొచ్చింది, నవ్వితే ఇంకా మండింది. ఆ దుంప మంటకి అల్లమే విరుగుడంటూ సూయిన్ అల్లం రసం గుక్క గుక్కగా పట్టించింది. సాయంత్రానికి మాట పెగిలింది. మొదటి మాటే, ఆ వైద్యుణ్ణి మూటతో సహా వెనక్కి తీసుకురమ్మని.

మళ్ళీ దుంపలు తవ్వారు, మళ్ళీ నానేశారు. ఆ తొమ్మిది రోజులూ రాజు శొంఠీ, ఎండిన నారింజ తొక్కా కాచిన కషాయం తాగుతూ, నానిందా అని రోజూ అడుగుతూ, లేదంటే బుద్ధిగా వెళ్ళిపోతూ గడిపాడు. పదో నాడు మందు పడింది. కఫం కరిగింది, వేళ్ళ కొసలు వెచ్చబడ్డాయి, గుర్రం కూడా నిద్రపోయింది. షావో వెళ్ళి తన అరుగు మీద తను కూర్చున్నాడు. సూయిన్ పక్కనే కూర్చుని మందు నూరుతూ, ఆయనతో కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది.

తెలిసినవాళ్ళు ఆగమంటే ఆగాలర్రా. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.