కనుమ దించాల్సిన బండి

వెనకటికి ఒక కొండరాజ్యంలో గురవడని బండి తోలుకుని బతికేవాడు ఉండేవాడు. పది రోజుల కిందటే కనుమదారిలో వాడి అన్న బండి అదుపు తప్పి లోయలో పడింది. అన్నా దక్కలేదు, ఎడ్లూ దక్కలేదు.

ఇప్పుడు కోట గుమ్మానికి చెక్కిన రాతిస్తంభాన్ని కొండ దించమని గురవడికి ఆజ్ఞ వచ్చింది. వాడు బండి కిందికి వంగి చూశాడు. చక్రాన్ని నొక్కిపట్టే కర్ర అరిగి సగమైంది.

"ఇది వాలులో ఆగదు దొరా. మా అన్న బండి కర్రా ఇలాగే అరిగిపోయింది. కొత్త కర్ర వేయించండి," అన్నాడు.

పనులు చూసే అధికారి రంగపతి పల్లకిలోంచే కసిరాడు. "బండి నిక్షేపంలా ఉంది. మీ అన్న తోలడం చేతగాక చచ్చాడు. నువ్వు తోలకపోతే కొరడా దెబ్బలు తింటావు."

గురవడు నేల చూపులు చూస్తూ మెల్లగా అన్నాడు.

"తోలతాను దొరా. కానీ తమంతటివారు నా బండి రేపే దుమ్ములో రావడం మర్యాద కాదు. తమ పల్లకి ముందు నడవనివ్వండి. దారి ఇరుకు, పక్కకు తప్పుకునే చోటు కూడా లేదు. తమ వెనకే బండి తోలుకొస్తాను."

బోయీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రంగపతి స్తంభాన్ని చూశాడు, వాలును చూశాడు.

"వడ్రంగిని పిలవండి," అన్నాడు చివరికి.

వడ్రంగి వచ్చి కొత్త కర్ర బిగించాడు. గడియ కూడా పట్టలేదు. అది చూశాక గురవడికి దుఃఖం ఆగలేదు. ఎద్దు మెడ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని బండెక్కాడు.