దొర తినని చేప

"నీళ్లు అద్దంలా ఉన్నాయి కదే, విషం ఎక్కడుంది?" అని దొర కసిరాడు. ఏటి ఒడ్డున బట్టలుతికే కార్ఖానా ఆయనదే. సబ్బు మందంతా ఏట్లోకే వదులుతాడు.

"పైన కాదు దొరా, అడుగు బురదలో ఉంది. చేపలు అది మేసి చస్తున్నాయి. మా పేట పస్తులుంటోంది," అంది జాలరి నూకాలు.

"అంతా అబద్ధం!"

"అయితే తినండి. ఈ ఏడు మొదటి చేప, మీ రేవులో పట్టిందే," అని పులుసు ముందు పెట్టింది.

ఏటేటా మొదటి చేప దొరే తినాలి. తినకపోతే ఆ ఏడు ఏట్లో ఎవరూ ఏ పనీ చెయ్యకూడదు. అది ఆయన తాతలు పెట్టిన కట్టుబాటే.

దొర ముద్ద కలిపి, నోటిదాకా తెచ్చి, దించేశాడు.

కార్ఖానా మూతపడింది. పేటలో వలలూ దండేలకెక్కాయి. అడుగు బురద మాత్రం అక్కడే ఉంది. దాన్నెవరు ఉతుకుతారు, మీరే చెప్పండి?