మిరప మంటకి చెంబుడు నీళ్ళు

ఒకప్పుడు మిరపకాయలు ఎన్ని తుంచినా చెయ్యి మండేది కాదు నాన్నా. మంట లేక కాదు. కాయలోపల గింజల పక్కన పిల్లాజెల్లాతో కాపురముండేది. కానీ మహా మర్యాదస్తురాలు. పిలవని ఇంటికి పోయేది కాదు.

ఎవరన్నా కాయ తుంచితే వేలి కొస దాకా వచ్చి నిలబడేది. "ఎవరండీ ఇంట్లో?" అని అడిగేది. వేలు ఏం పలుకుతుంది? "ఊళ్ళో లేరు కాబోలు" అనుకుని మంట కాయలోకి తిరిగిపోయేది.

నాంచారి అని ఒక కోడలుపిల్ల. పచ్చళ్ళ రోజుల్లో ఒకనాడు మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. అత్త పిచ్చమ్మ గేదెను కాలవకి తోలుకెళ్ళింది. చంటోడు చీర ఉయ్యాల్లో నిద్ర.

వేళ్ళకి దుమ్ము అంటిందని నాంచారి చెంబుడు నీళ్ళు పోసుకుంది.

మంట ఉలిక్కిపడింది. గడపలో నిలబడ్డవాళ్ళకి కాళ్ళు కడుక్కోను నీళ్ళిస్తే, లోపలికి రమ్మనే కదా!

"ఎంత మంచి పిల్లో! అడక్కుండానే నీళ్ళిచ్చింది," అని కాళ్ళు కడుక్కుని, వేలి లోపలికొచ్చి చక్కగా కూర్చుంది.

"అమ్మో! మండిపోతోంది!" నాంచారి ఇంకో చెంబు పోసింది.

"మనవాళ్ళందరికీ ఇస్తోంది, రండ్రా!" మంట కేకేసింది. పిన్నులు, బాబాయిలు, మేనత్తలు కాయల్లోంచి దిగి, కాళ్ళు కడుక్కుని అరచేతిలోకి వచ్చేశారు. నాంచారి పోస్తూనే ఉంది, వాళ్ళు వస్తూనే ఉన్నారు. ఒక మామయ్య మణికట్టు దగ్గర తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు కూడా.

"ఓ నీళ్ళూ, చల్లార్చరేం?" అని ఏడ్చింది నాంచారి.

"మేమేం చేసేది తల్లీ? మమ్మల్ని చూస్తేనే వాళ్ళు పిలుపనుకుంటున్నారు!" అన్నాయి నీళ్ళు.

అప్పుడే చంటోడు లేచాడు. ఆకలికి గుక్కపట్టాడు. నాంచారి చేతులు చాపింది.

"ఆ బుగ్గలు చూడండే, ఎంత మెత్తగా ఉన్నాయో! ఇవాళ అక్కడ పడుకుందామా?" అంది ఒక మేనత్త.

నాంచారి గభాల్న చేతులు వెనక్కి దాచుకుంది. మోచేత్తో ఉయ్యాల ఊపింది. ఎత్తుకుంటే బిడ్డకి మంట, ఎత్తుకోకపోతే ఆకలి. వాడూ ఏడుపే, తనూ ఏడుపే.

"నన్ను రాసి చూడు," అంది గిన్నెలో నూనె. రాసుకుంది.

"ఓహో, తలంటు కూడానా!" చుట్టాలు మురిసిపోయారు. కానీ ఒళ్ళంతా జిడ్డై పట్టు తప్పింది. మామయ్య తువ్వాలుతో సహా చిటికెన వేలి దాకా జారాడు. జారారే గాని, ఒక్కరూ బయటికి పోలేదు.

అత్త వచ్చింది. "ఏందే ఈ గోల?"

"మంట చుట్టాలందరితో వచ్చి చేతిలో కూర్చుంది అత్తా. నీళ్ళు పోసినా పోవట్లేదు."

"కాళ్ళకి నీళ్ళిచ్చి పొమ్మంటే ఎట్టా పోతారే పిచ్చి మొహమా! చుట్టాలు విస్తరి ముందు నుంచి ఎప్పుడు లేస్తారు?"

నాంచారి వెక్కుతూనే ఆలోచించింది. "పెరుగన్నం అయినాక."

"మరింకేం!" పిచ్చమ్మ కుండ దించి, కోడలి అరచేతుల నిండా గడ్డ పెరుగు వేసింది.

చుట్టాలంతా పెరుగు వైపు తొంగిచూశారు.

"అప్పుడే పెరుగా?" మామయ్య లేచి కూర్చున్నాడు. "పప్పేది? పులుసేది?"

"ఊరుకోండి! పెరుగు వడ్డించాక కూర్చుంటే ఏం మర్యాద?" అంది పెద్ద మంట. "వెళ్ళొస్తామమ్మా" అంటూ ఒక్కొక్కరే దిగిపోయారు. తువ్వాలు దులుపుకుని మామయ్యా దిగాడు.

చేతులు చల్లబడ్డాయి. కడుక్కుందామని నాంచారి చెంబు అందుకుంటే అత్త లాగేసుకుంది. "మళ్ళీ పిలుస్తావా?"

నాంచారి చేతులు గుడ్డకి తుడుచుకుని, చంటోణ్ణి ఎత్తుకుని పాలిచ్చింది. వాడు కళ్ళు మూసుకుని గుటక మీద గుటక.

కానీ గోటి కింద ఒక ముసలమ్మ మంట మిగిలిపోయింది. పాపం ఆమెకి చెవుడు. పెరుగొచ్చిందని ఎవరు చెప్పినా వినపడలేదు. "ఇంకా పప్పు రాలేదేం?" అని అక్కడే కూర్చుంది.

అప్పటినుంచే మిరప మంటకి నీళ్ళు పోస్తే చెయ్యంతా పాకుతుంది, నూనె రాస్తే జారుతుంది, పెరుగు రాస్తే లేచి పోతుంది. అప్పటినుంచే గోటి కింద మాత్రం కాస్త మిగిలి, సాయంత్రం నువ్వు కన్ను నులుముకున్నప్పుడు, పప్పు వచ్చిందేమోనని తొంగి చూస్తుంది.