రెండువందల పాతిక చుక్కల ముగ్గు

అనగనగా పొన్నేరు ఒడ్డున పొన్నేరుపురం. ఆ ఊరికి ఒక రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కత్తి అంటే ప్రాణం. నడిపివాడికి గుర్రం అంటే ప్రాణం. చిన్నవాడు సుకేతుడికి లెక్కలంటే ప్రాణం.

ఒకరోజు ధూమకేశుడనే మాంత్రికుడు వచ్చి, పొన్నేటి నీళ్ళన్నీ తన సొరకాయ బుర్రలోకి పట్టేసి ఏడు సముద్రాల అవతలికి ఎగిరిపోయాడు. వాడి ప్రాణం అక్కడ ఒక చిలకలో ఉంది. పట్టబోయినవాడిని ఆ చిలక ఒకటే అడుగుతుంది: "ముప్పై ఏళ్ళకి మీ ఊరు ఎలా ఉండాలి?" చెప్పిన జవాబు ఊళ్ళో ఏ ఒక్కరికి నచ్చకపోయినా, చెప్పినవాడు రాయైపోతాడు.

పెద్దవాడు వెళ్ళి, "చుట్టూ బంగారు కోట ఉండాలి" అన్నాడు. రాయైపోయాడు. నడిపివాడు వెళ్ళి, "వెయ్యి గుర్రాల సాల ఉండాలి" అన్నాడు. వాడూ రాయైపోయాడు. వాళ్ళని వీపున మోసుకెళ్ళిన పొన్నేటి తాబేలు ఒంటరిగా తిరిగొచ్చి ఈ సంగతి చెప్పింది.

"నువ్వెప్పుడు ఎక్కుతావు నాయనా?" అని సుకేతుణ్ణి అడిగింది.

సుకేతుడు వేళ్ళు మడిచాడు. "ఊరి బావిలో నలభై మూరల నీళ్ళున్నాయి. రోజుకో మూర తగ్గుతోంది. పోను ఏడు రోజులు, రాను ఏడు రోజులు. ఇంకా ఇరవై ఆరున్నాయి తాతా. ఈలోగా ఊరిని అడుగుతాను."

ఊరు నవ్వింది. "బావి ఎండుతుంటే ముప్పై ఏళ్ళ ముచ్చటా! మూటలు కట్టుకోనీ బాబూ."

"ఇంటికో చుక్క పెట్టి, మీ కోరిక చెప్పి, ఆ తర్వాత కట్టుకోండి" అన్నాడు సుకేతుడు.

కోట ముందు మైదానంలో మెలిక ముగ్గు మొదలైంది. మెలిక ముగ్గుకి నియమం తెలుసుగా? గీత ఏ చుక్క మీదా పడకూడదు. ఏ చుక్కనీ బయట వదలకూడదు. కుమ్మరులు మట్టి గుంట కావాలన్నచోటే సంతవాళ్ళు బాట కావాలన్నారు. చుక్క మీద గీత పోకూడదు కనుక బాటని వంచారు. వంచితే అది కుండలు కాల్చే కుమ్మరివాముల పక్కగా పోయింది.

"అరె, నెత్తిన కుండలు మోసే బాధ తప్పిందే!" అన్నాడు కుమ్మరి గవరయ్య.

అలా ఇరవై ఐదు రోజులు గడిచాయి. వరుసకి పదిహేను చొప్పున పదిహేను వరుసలు. అంటే రెండువందల పాతిక. కానీ ఒక చుక్క తక్కువై ఒక మూల ఖాళీ!

"కోట పెద్దది కదా, దానికి రెండు చుక్కలు పెట్టేద్దాం" అన్నాడు సుకేతుడు.

గీత వేస్తున్న పైడి అనే అమ్మాయి ముగ్గుపిండి గిన్నె కింద పెట్టేసింది. "ఒక గడపకి రెండు చుక్కలా? మరి మా గడపో?"

"మీ ఇల్లెక్కడ?"

"ఏటి అవతల. పడవ నడిపే సింగమ్మ మనవరాలిని. ఏరు ఎండినా మీ లెక్క ఒడ్డు దాటలేదేం రాకుమారా?"

సుకేతుడు సిగ్గుపడి, ఎండిన ఏట్లో నడిచి సింగమ్మ గుడిసెకి వెళ్ళాడు.

"ముప్పై ఏళ్ళకి నేనుంటానా నా బొంద!" అంది ముసలమ్మ. "అడిగావు కనుక చెబుతున్నా. గట్టు బీటలిచ్చింది. నీళ్ళు ఒక్కసారిగా వదిలితే కూలుతుంది. సన్నగా వదలండి. గట్టు పొడుగునా తాటి టెంకలు నాటండి."

"కాపుకి ఎన్నాళ్ళు అవ్వా?"

"ఇరవై ఏళ్ళు దాటుతుంది. నేను ముంజలు తినను. తినకపోతే పోనీ, మీ పిల్లలు తింటారు."

ఆ మాట విని ఊళ్ళో ఒక్కరూ కాదనలేదు. పైడి గీత కలిపేసింది.

సుకేతుడు తాబేలు వీపునెక్కి ఏడు రోజుల్లో ఏడు సముద్రాలు దాటాడు. చిలక అదే ప్రశ్న అడిగింది. అతను ఇసుకలో రెండువందల పాతిక గవ్వలు పేర్చి, ఒక్కో గడప కోరిక చెబుతూ గీత తిప్పాడు. చిలక గవ్వ గవ్వకీ ఎగిరి చూసింది. గీత ఎక్కడా తెగలేదు. వచ్చి అతని భుజం మీద వాలింది.

ధూమకేశుడు పరిగెత్తుకొచ్చి కాళ్ళ మీద పడ్డాడు. "నా చిలకని చంపకు బాబూ!"

"చంపను. బుర్ర పట్టుకుని పద. పనుంది."

రాళ్ళైన అన్నలు లేచారు. నలభయ్యో రోజు సాయంత్రం, బావి అడుగున బొక్కెన ఖంగుమంటుండగా అందరూ ఊరు చేరారు. సుకేతుడి భుజాన చిలక కళ్ళెర్ర చేస్తుంటే, మాంత్రికుడు ఏటిని సన్నటి ధారగా వదిలాడు. పెద్దన్న కత్తితో గోతులు తీశాడు. నడిపన్న గుర్రం మీద టెంకలు మోశాడు. ఊరంతా నాటింది. నీళ్ళు పోసే పని ధూమకేశుడిది.

"పైడీ, నన్ను పెళ్ళాడతావా?" అన్నాడు సుకేతుడు.

"కొత్త గడపంటే రెండువందల ఇరవై ఆరు. ముగ్గులో పట్టదే!"

"ముగ్గు పెద్దది చేద్దాం."

ఆకాశమంత పందిట్లో పెళ్ళి జరిగింది. సుకేతుడు రాజై చాలా ఏళ్ళు ఏలాడు. ఏటా ఊరంతా కూడి ముగ్గు వేసేవారు. మొదటి చుక్క ఎప్పుడూ ఏటి అవతలి గడపదే. ముప్పయ్యో ఏట పదహారు వరుసలకి పదహారు నిండాయి. ఆ ఏడు రాజు, రాణి మొదటి ముంజని సింగమ్మ గడప మీద పెట్టి, రెండోది తమ మనవరాలి నోట్లో పెట్టారు.

మిగతా కాయల్ని పండనిచ్చారు. ముంజలు వాళ్ళవి, టెంకలు మనవి. పదండి, నాటుకుందాం.